బాపు కంప్యూటర్‌కు కాపలా వెతికిన వారం

2025 దసరా సెలవులకు మహబూబ్‌నగర్ నుండి కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా నల్లగొండ చేరిన సాయంత్రం, నేను సంచి కింద పెట్టకముందే బాపు తన పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "జిరాక్స్ సెంటర్ల ఇచ్చి తెచ్చిన కాన్నుంచి ఇందుల ఏది నొక్కినా ఏందో నల్లగ మెరిసి పోతున్నది బిడ్డా" అన్నాడు. బాపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పంతులుగా పనిచేసి పదవీ విరమణ చేశాడు. మూడేళ్లుగా నార్కట్‌పల్లి దగ్గరి మా ఊరి బడి చరిత్రను రాస్తున్నాడు. పాత హాజరు పట్టీల ఫోటోలు, తొలి తరం పంతుళ్ల గురించి ఊరి పెద్దలు చెప్పిన మాటల రికార్డింగులు, నూట నలభై పేజీల రాత, అంతా రామగిరిలోని మా ఇంటి డెస్క్‌టాప్‌లోనూ ఆ పెన్‌డ్రైవ్‌లోనూ తప్ప మరెక్కడా లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. తెలిసిన క్షణంలో కడుపులో కలిగిన భయమే, ఆ కంప్యూటర్‌కు ఏ యాంటీవైరస్ సరిపోతుందో వెతికిన ఈ పోస్టు రాయడానికి కారణం.

పెన్‌డ్రైవ్‌ను నా ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. ప్రతి ఫోల్డరు బొమ్మకూ ఎడమవైపు అడుగున చిన్న బాణం గుర్తు ఉంది, ఒక్కొక్కటి ఒకటి రెండు కేబీల పరిమాణంలోనే ఉంది. మన ఊళ్లలో అందరూ షార్ట్‌కట్ వైరస్ అని పిలిచేది ఇదే. అసలు ఫోల్డర్లను అది చెరపదు. వాటిని కనబడకుండా దాచి, అదే పేరుతో ఒక షార్ట్‌కట్‌ను ముందు నిలబెడుతుంది. మనం ఫోల్డరే అనుకుని నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, ఆ తరువాత ఫోల్డరు తెరుచుకుంటుంది కాబట్టి చాలామందికి అనుమానమే రాదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే ప్రోగ్రాం నడిచే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ ఎన్నడో ఆపివేసింది. అప్పటి నుండి ఇలాంటి వాటిని రాసేవాళ్లు మన వేలితో మన చేతనే నొక్కించుకునే ఈ దారి పట్టారు. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ ఆదేశం ఇచ్చి, ఫోల్డర్లను కనబడనీయని గుర్తులు తీసివేయగానే ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. బాపు నా భుజం మీదుగా వంగి, "హాజరు పట్టీలు ఉన్నయా?" అని రెండుసార్లు అడిగాడు. ఉన్నాయి.

మరునాడు పొద్దున్నే నేను తీసుకున్న నిర్ణయం అందరూ తీసుకునేదే: యాంటీవైరస్‌తో పాటు మరెన్నో సదుపాయాలు కలిపి అమ్మే ఒక మంచి టోటల్ సెక్యూరిటీ ప్యాకేజీ కొని వేయాలి, దానితో ఈ బెంగ తీరిపోవాలి. గడియారం సెంటర్ దగ్గరి ఒక కంప్యూటర్ దుకాణానికి వెళ్తే, అన్నీ ఒకే దాంట్లో ఉంటాయని చెప్పి మూడేళ్ల లైసెన్సు పెట్టెను నా ముందు పెట్టారు. వెనుక అట్ట మీద పదిహేను సదుపాయాల పేర్లు వరుసగా ఉన్నాయి. వాటిలో సగం బాపు కంప్యూటర్‌లో ఏం చేస్తాయో నేను చెప్పలేకపోయాను. చెప్పలేనిదానికి డబ్బు కట్టడం ఇష్టం లేక ఆ అట్టను ఫోటో తీసుకుని ఇంటికి వచ్చాను. ఆ వారమంతా ఆ పదిహేను పేర్లను ఒక్కొక్కటిగా బాపు కంప్యూటర్ ముందు కూర్చుని విప్పి చూశాను.

అసలు మొదట చూడవలసినది ప్యాకేజీని కాదని గంటలోనే తెలిసింది. ఆ కంప్యూటర్ 2016లో కొన్నది. నాలుగు జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్, విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగియనుండింది, అంటే అప్పటికి ఇంకా రెండు వారాలు కూడా లేవు. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కంప్యూటర్‌లో ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం నుండి మొదలయ్యేది ఉండాలి. బాపుది ఆరో తరానిది. మద్దతు ముగిసిన విండోస్ మీద ఎంత ఖరీదైన సెక్యూరిటీ ప్యాకేజీ వేసినా, పైకప్పు కారుతున్న ఇంటికి కొత్త తలుపు బిగించినట్టే అవుతుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, అది దూరిన రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకున్నవాళ్ల కంప్యూటర్లలోకి అది ఆ దారిన దూరలేకపోయింది.

అదృష్టవశాత్తూ ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు మరో ఏడాది పాటు, 2026 అక్టోబర్ 13 వరకు, భద్రతా అప్‌డేట్లు అందుకునే పొడిగింపు పథకం ఉంది. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 మీద ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగులను ఆ ఖాతాకు బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే దానికి విడిగా డబ్బు కట్టనక్కరలేదు. సెట్టింగుల్లో అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకునే బటన్ కనిపించింది. ఆ పని పది నిమిషాల్లో ముగిసింది. ఆ వారంలో నేను చేసిన పనులన్నిటిలో ఎక్కువ రక్షణ ఇచ్చింది ఇదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

రెండోది, ఆ కంప్యూటర్‌లో ఇదివరకే ఒక సెక్యూరిటీ ప్యాకేజీ ఉంది. ఎవరో ఎప్పుడో వేసిన ట్రయల్. గడువు తీరి ఏళ్లు గడిచినా తొలగిపోకుండా, రోజూ ఎర్రటి హెచ్చరిక చూపిస్తూ అక్కడే ఉంది. బాపు దాన్ని రోజూ మూసి తన పని చేసుకుంటున్నాడు. విండోస్‌లో పుట్టుకతో ఉండే డిఫెండర్, మరో యాంటీవైరస్ తన పేరు నమోదు చేసుకుంటే పక్కకు తప్పుకుంటుంది. ఇక్కడ అది పక్కకు తప్పుకుంది, ఆ చోటు తీసుకున్నదేమో పనిచేయడం మానింది. అంటే ఇన్నాళ్లూ ఆ ఇంటికి కాపలాయే లేదు. దాన్ని తీసివేయడానికి మామూలు అన్‌ఇన్‌స్టాల్ చాలలేదు. తయారీ సంస్థ ఇచ్చే తొలగింపు సాధనాన్ని దించుకుని నడిపిన తరువాతే పూర్తిగా పోయింది. ఇది చదువుతున్నవారు ఇవాళ ఒక్క పని చేయగలిగితే, స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని టైపు చేసి, వైరస్ రక్షణ అనే చోట ఎవరి పేరు ఉందో, అది నిజంగా నడుస్తున్నదో లేదో చూడండి.

ఇక అట్ట మీది పదిహేను పేర్ల సంగతి. ఫైర్‌వాల్ అని పెద్ద అక్షరాలతో ఉంది. 2004లో ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ వచ్చినప్పటి నుండి విండోస్‌లో ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంటుంది, ఇంటి రౌటర్ కూడా బయటి నుండి వచ్చే అనవసర కనెక్షన్లను అడ్డుకుంటుంది. పాస్‌వర్డ్ మేనేజర్ మంచిదే కానీ బిట్‌వార్డెన్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి, ప్యాకేజీ గడువు తీరితే పాస్‌వర్డ్లు అందులో చిక్కుకుంటాయేమోనన్న బెంగ కూడా ఉండదు. మన ఇంటర్నెట్ రాకపోకలను గుప్తంగా మరో సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ అన్న పేరు చాలా ప్యాకేజీల మీద ఉంటుంది కానీ దానికి రోజువారీ పరిమితి ఉందా అన్నది చిన్న అక్షరాలలో చూడాలి. బిట్‌డిఫెండర్ టోటల్ సెక్యూరిటీలో వచ్చే వీపీఎన్ రోజుకు 200 ఎంబీకి పరిమితమైనదే. ఇంట్లో సొంత బ్రాడ్‌బ్యాండ్ మీద కూర్చునే బాపుకు దానితో పని లేదు. వేగం పెంచే సాధనం, విండోస్ తన సెట్టింగులను రాసుకునే రిజిస్ట్రీని శుభ్రం చేసే సాధనం ఉన్నాయి. రిజిస్ట్రీ క్లీనర్లను వాడడాన్ని మైక్రోసాఫ్టే సమర్థించదు, నేను కూడా వాటిని దగ్గరికి రానీయను. పిల్లల కంప్యూటర్ వాడకం మీద నియంత్రణ ఆ ఇంట్లో ఎవరికీ అక్కరలేదు. చిన్నపిల్లలున్న ఇంటికి మాత్రం అది లెక్కలోకి తీసుకోవలసిన అంశమే.

వెబ్ రక్షణ దగ్గర కొంచెం ఆగవలసి వచ్చింది. నకిలీ బ్యాంకు పేజీలను అడ్డుకునే పని ఎడ్జ్‌లో స్మార్ట్‌స్క్రీన్, క్రోమ్‌లో సేఫ్ బ్రౌజింగ్ చేస్తాయి. అయినా ప్యాకేజీలు తమ సొంత జాబితాలతో ఇంకో పొర చేరుస్తాయి. వాటిలో కొన్ని తాళం గుర్తు ఉన్న పేజీలలోని రాకపోకలను కూడా మధ్యలో విప్పి పరీక్షించి మళ్లీ మూసి పంపుతాయి. వచ్చే ఉత్తరాలన్నీ ముందుగా ఒక మనిషి చేతికిచ్చి చదివించుకోవడం లాంటి ఏర్పాటు అది, కనుక ఆ మనిషి ఎవరన్నది తెలిసి ఉండాలి. అవాస్ట్ తన వాడుకదారులు ఏయే సైట్లు చూశారో ఆ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిన విషయం 2020 జనవరిలో బయటపడింది. ఆ సంస్థను మూసివేశారు, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు చెల్లించాలన్నది. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా అన్న నాలుగు పేర్లూ 2022 నుండి జెన్ డిజిటల్ అనే ఒకే సంస్థ కిందివి. దుకాణంలో నాలుగు వేర్వేరు పెట్టెలుగా కనిపించినా వెనుక ఉన్నది ఒకే ఇల్లు. మన దేశంలో తయారయ్యేవాటిలో పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కె7 దుకాణాలలో సులువుగా దొరుకుతాయి.

ప్రకటనల మీద కాక పరీక్షల మీద ఆధారపడాలనుకునేవారికి రెండు సంస్థల పేర్లు చాలు. జర్మనీలోని ఏవీ టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ కంపారేటివ్స్. మొదటిది రక్షణకు 6, వేగానికి 6, వాడుకలో తప్పుడు హెచ్చరికలు లేనందుకు 6 చొప్పున 18 మార్కులకు దిద్దుతుంది. డిఫెండర్ కొన్నేళ్లుగా అక్కడ పై వరుసలోనే ఉంటున్నది. ఇది చూడగానే ఇక ఏమీ కొననక్కరలేదు అనుకున్నాను. ఎక్కువ ఇళ్ల విషయంలో, ముఖ్యంగా కొత్త కంప్యూటర్, ఆగని ఇంటర్నెట్ ఉన్న ఇళ్ల విషయంలో, ఇప్పటికీ నా సలహా అదే: డిఫెండర్‌ను సరిగా నడవనివ్వండి, దాంట్లో ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) రక్షణ కింద ఫోల్డర్లకు కాపలా పెట్టే సదుపాయం మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది కనుక దాన్ని ఆన్ చేయండి, డబ్బు మిగుల్చుకోండి.

అయితే రెండో సంస్థ నివేదికలో ఒక చిన్న పట్టిక నా ఆలోచనను మార్చింది. వాళ్లు ఒకే వైరస్ నమూనాలను ఇంటర్నెట్ ఉన్నప్పుడు, లేనప్పుడు విడివిడిగా పరీక్షిస్తారు. ఇంటర్నెట్ ఉన్నప్పుడు గట్టిగా నిలిచే డిఫెండర్‌కు, నెట్ లేనప్పుడు గుర్తుపట్టే సత్తా బాగా తగ్గుతుంది, ఎందుకంటే అది అనుమానాలను తీర్చుకోవడానికి తన సంస్థ సర్వర్లను చాలా ఎక్కువగా అడుగుతుంది. బాపు ఇంట్లో నెట్ రోజుకు ఎన్నిసార్లు పోతుందో లెక్క లేదు. పైగా ఆయనకు ముప్పు వచ్చే దారి ఇంటర్నెట్ కాదు, పెన్‌డ్రైవ్. క్లాక్ టవర్ దగ్గరి జిరాక్స్ సెంటర్‌లో ఒకే కంప్యూటర్‌కు పొద్దున్నుంచి రాత్రి దాకా హాల్‌టికెట్లవాళ్లు, పాస్‌బుక్ కాపీలవాళ్లు, పెళ్లి పత్రికలవాళ్లు ఎవరి పెన్‌డ్రైవ్ వాళ్లు పెడుతూనే ఉంటారు. అంటే నెట్ లేని సమయంలో పెన్‌డ్రైవ్ ద్వారా వచ్చేదాన్ని పట్టే సత్తా ఆ పదిహేను సదుపాయాలలో బాపుకు నిజంగా కొరవడిన ఒక్కటి. ఆ సత్తా కోసం టోటల్ సెక్యూరిటీ అక్కరలేదు. ఆ ప్యాకేజీలు తయారుచేసే సంస్థల అన్నిటికన్నా కింది మెట్టు యాంటీవైరస్‌లోనూ ఫైళ్లను పరీక్షించే యంత్రాంగం ఉంటుంది, పై మెట్లలో పెరిగేది చుట్టూ ఉండే అదనాలే.

దుకాణం నుండి డబ్బు కట్టి తెచ్చేముందు ట్రయల్ వేసి చూడాలన్నది నా గట్టి నమ్మకం, ఎందుకంటే నాలుగు జీబీ ర్యామ్ మీద ఏది ఎలా నడుస్తుందో ఏ నివేదికా చెప్పదు. క్విక్ హీల్‌ను రెండు రోజులు, దాన్ని పూర్తిగా తీసివేసి కె7ను రెండు రోజులు నడిపాను. రెండింటినీ ఒకేసారి ఎన్నడూ వేయకూడదు, ఒకదాని పనిని మరొకటి అనుమానిస్తూ కంప్యూటర్‌ను నిలువునా ఆపుతాయి. బాపు రోజూ చేసే మూడు పనులు, అంటే కంప్యూటర్ తెరవడం, తన పుస్తకం ఫైలు తెరవడం, ఫోటోల ఫోల్డరు పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయడం, గోడ గడియారం చూస్తూ కొలిచాను. తేడా నేననుకున్నంత పెద్దది కాదు. ఏది వేసినా, అసలేమీ వేయకపోయినా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ నూరు శాతం దగ్గరే నిలబడి ఉంది, అంటే అసలు జబ్బు ఆ పాత హార్డ్ డిస్క్‌దే. రెండు వేల లోపు ఖర్చుతో, తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్ ఎస్ఎస్‌డీ వేయించి, విండోస్‌ను అందులోకి మార్పించి మళ్లీ కొలిస్తే, ఇదివరకు టీ కాచుకుని వచ్చేదాకా తెరుచుకోని కంప్యూటర్ బాపు కళ్లద్దాలు పెట్టుకునేలోగా తెరుచుకున్నది. ఆ తరువాత రెండింటిలో బాపు పనులకు తేలికగా అనిపించిన కె7 కింది మెట్టు యాంటీవైరస్‌ను ఎంచుకున్నాను. మరో ఇంట్లో మరో కంప్యూటర్ మీద లెక్క తారుమారు కావచ్చు, అందుకే కొలిచి చూసుకొమ్మంటున్నాను.

దీనివల్ల ఒకటి వదులుకోవలసి వచ్చింది. మరో యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది కాబట్టి, దాని ఫోల్డర్ల కాపలా కూడా ఆగిపోతుంది. అప్పుడప్పుడు స్కాన్ చేసే సదుపాయాన్ని మాత్రం తెరిచి ఉంచుకోవచ్చు, అది తెరిచాను. పోయిన కాపలాకు బదులుగా ఒక టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొన్నాను. ఈ ఖర్చు లైసెన్సు ఖర్చు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అయినా నా దృష్టిలో దీనిదే మొదటి స్థానం. యాంటీవైరస్ ఎంత మంచిదైనా ఏదో ఒకనాడు తప్పిపోతుంది. తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ లోపలికి వస్తే కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్కులను కూడా వదలదు, కనుక బాపు ప్రతి ఆదివారం డిస్కును పెట్టి, కాపీ చేసి, తీసి, బీరువాలో పెట్టాలి. ఆయన దానికో నోటుబుక్కు వేశాడు. బడిలో హాజరు వేసినట్టే తేదీ, ఎన్ని ఫైళ్లు, సంతకం.

పెట్టె మీది మాటలను నమ్మి బాపు నన్నొక ప్రశ్న అడిగాడు. "ఇది ఏసినంక ఇగ ఫోన్ల వచ్చే దొంగల భయం సుత ఉండదా?" ఆ భయం అలాగే ఉంటుందని చెప్పడం నాకు కష్టంగానే అనిపించింది కానీ చెప్పాను. ఆయన తోటి పెన్షనరు ఒకరికి లైఫ్ సర్టిఫికెట్ పేరుతో ఫోన్ వచ్చింది, స్క్రీన్‌ను దూరం నుండి చూపించే యాప్ వేయించబోయారు. అలాంటి యాప్ వైరస్ కాదు, కార్యాలయాలలో రోజూ వాడేదే. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషే అనుమతి ఇస్తే ప్యాకేజీలు సాధారణంగా నోరు విప్పవు. అందుకే సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 అన్న నంబరును మానిటర్ అంచు మీద పెద్ద అంకెలతో అతికించాను. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే, బ్యాంకుకు పోయేదాకా ఆగకుండా, ముందు ఆ నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బును మధ్యలో నిలిపే అవకాశం అంత ఎక్కువ.

కొనే దగ్గర రెండు జాగ్రత్తలు పాటించాను. వాట్సాప్‌లో సగం ధరకు వచ్చే లైసెన్సు కీలు ఎవరికి అమ్మినవో, ఎన్నిసార్లు అమ్మినవో తెలియదు కనుక జీఎస్టీ బిల్లుతో దుకాణంలోనే తీసుకున్నాను. ఆన్‌లైన్‌లో కార్డుతో కొంటే గడువు తీరగానే దానంతట అదే రెన్యూ అయ్యే టిక్కు చాలా చోట్ల ముందే పెట్టి ఉంటుంది, రెండో ఏడాది ధర మొదటి ఏడాది ధరలా ఉండదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అలా కోసే ముందు కనీసం 24 గంటల ముందుగా మనకు సమాచారం రావాలి. ఆ మెసేజ్‌ను చూడకుండా చెరపకూడదు.

దుకాణంలో మళ్లీ మూడేళ్ల లైసెన్సే తీసుకొమ్మన్నారు, ఏడాదికి లెక్కేస్తే చవక అన్నారు. నిజమే, చవకే. కానీ బాపు కంప్యూటర్‌కు విండోస్ అప్‌డేట్లు అందేది 2026 అక్టోబర్ 13 దాకానే. ఆ తరువాత దాన్ని ఇంటర్నెట్‌కు కలిపి ఉంచను, కొత్తది కొనవలసిందే. కొత్తదానికి కొరత ఏమిటో అప్పుడు మళ్లీ దాని ముందు కూర్చుని చూడాలి. ఏడాదిదే తీసుకున్నాను. ఇంటికి వచ్చాక బాపు తన నోటుబుక్కు చివరి పేజీ తెరిచి లైసెన్సు గడువు తేదీ ఒక వరుసలో, విండోస్ గడువు తేదీ దాని కింద రాసుకున్నాడు. రెండింటి మధ్య కొన్ని రోజులే తేడా. "అయితే ఈలోపల పుస్తకం అచ్చుకు పోవాలె" అని పక్కన మూడో తేదీ రాశాడు.